రికార్డింగులో రెండో గొంతు

ముప్పై ఏడేళ్ళకే వృత్తి నుంచి విరమించానంటే చాలామంది నవ్వుతారు. లాటరీ తగిలిందా అని అడుగుతారు. తగిలింది చెవికి. ఏళ్ళ తరబడి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మనుషుల అరుపులు, తుపాకి చప్పుళ్ళు విన్నాక, నా ఎడమ చెవికి సన్నని శబ్దాలు వినబడటం తగ్గింది. మామూలు మనిషికి ఇదొక లోపమే కాదు. కోర్టులో సాక్ష్యం చెప్పే ఆడియో పరీక్షకుడికి మాత్రం ఇది చాలు. అవతలి లాయరు లేచి, "అసలు మీకు సరిగ్గా వినపడుతుందా?" అని ఒక్క ప్రశ్న వేస్తే, నేను రాసిన రిపోర్టు విలువ అక్కడితో సరి. అందుకని డాక్టరు గ్రాఫు చూపించగానే రాజీనామా రాసిచ్చాను. అది 2015లో.

సిగ్నల్ ప్రాసెసింగ్‌లో ఎం.ఎస్. చేస్తున్న మన పిల్లలు అప్పుడప్పుడూ మెయిల్ రాస్తుంటారు. ఈ రంగంలోకి రావచ్చా, భవిష్యత్తు ఉందా అని. వాళ్ళందరికీ విడివిడిగా జవాబు రాయలేక ఇది రాస్తున్నాను. వీసా కాగితాల గురించి, జీతాల గురించి ఇందులో ఏమీ లేదు. అవి చెప్పేవాళ్ళు మనలో కావలసినంత మంది ఉన్నారు.

మేం చేసే పని

నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌కి కాస్త దూరంలో, ఒక పళ్ళ డాక్టరు క్లినిక్కు పక్కన మా ల్యాబ్ ఉండేది. మొత్తం ముగ్గురం. యజమాని గ్లెన్, అరవై దాటిన తెల్లాయన. వయసంతా రేడియో స్టేషన్లలో ఇంజనీరుగా గడిపాడు. డెనీస్ నల్లజాతి స్త్రీ. రికార్డింగుల్లోని మాటలు విని రాతలో పెట్టడం ఆవిడ పని. మూడోవాణ్ణి నేను. ఒంగోలు నుంచి ఎం.ఎస్.కి వచ్చి, చదువవగానే అక్కడ చేరాను.

మా బల్ల మీదికి వచ్చేవి ఇవి: పోలీసుల సాయం కోసం 911కి చేసిన ఫోన్ కాల్స్, పోలీసు రేడియో సంభాషణలు, పోలీసు కారు కెమెరా వీడియోలు, దుకాణాల గోడ కెమెరాలు, దారిన పోయేవాళ్ళు ఫోన్‌తో తీసిన దృశ్యాలు. ఒక్కో యంత్రంలో గడియారం ఒక్కో సమయం చూపిస్తుంది. అన్నిటినీ ఒకే కాలరేఖ మీదికి తేవడం మా పని. పోలీసు "చేతులెత్తు" అన్నది ముందా, తుపాకి పేలింది ముందా? రెండింటి మధ్య ఒక మనిషి ఆ మాట విని, అర్థం చేసుకుని, చేతులెత్తేంత వ్యవధి ఉందా? అది చెబుతాం. తప్పెవరిదో మేం రాయం.

పోలీసులు ఎవరినో కాల్చిన కేసులే మాకు ఎక్కువ వచ్చేవి. చనిపోయినవాళ్ళలో నల్లవాళ్ళు ఎంతమందో నేను లెక్క పెట్టలేదు. ఇంట్లో పప్పుల డబ్బాలకు కూడా జాబితా రాసుకునే మనిషిని నేను. ఆ ఒక్క జాబితా మాత్రం రాయలేదు. ఒకసారి డెనీస్‌తో ఆ మాటంటే, "నువ్వు లెక్క పెట్టకుండా ఉండగలవు కిరణ్. నేను ఉండలేను. అదీ తేడా" అంది. ఆ లెక్క ఎంతో అడగబోయి మానేశాను.

గ్లెన్, డెనీస్ నేర్పినవి

చేరిన కొత్తల్లో ఒక రికార్డింగులో ఐదు తుపాకి చప్పుళ్ళు ఉన్నాయని చెప్పాను. గ్లెన్ హెడ్‌ఫోన్స్ ముట్టుకోకుండానే, "ఆ వీధిలో ఇటుక గోడ ఉందా?" అన్నాడు.

"తెలీదు."

"తెలీకుండా ఎలా విన్నావ్? వెళ్ళి చూసిరా."

వెళ్ళాను. పాత గోదాము గోడ ఉంది. రెండు చప్పుళ్ళు ఆ గోడ తిప్పికొట్టినవి. పోలీసు కాల్చింది మూడుసార్లే. అప్పట్నుంచి ఏ కేసొచ్చినా ముందు ఆ చోటికి వెళ్ళి నిలబడేవాణ్ణి. వేరే రాష్ట్రమైనా సరే. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేనిచ్చే మొదటి సలహా మంచి బూట్లు కొనుక్కోమని.

ఇంకోసారి, పోలీసుల వైపు వాదించే ఒక పట్టణం తరఫు లాయరు, వీడియోని నెమ్మదిగా నడిపి చూపించమన్నాడు. నెమ్మదిగా చూపిస్తే ప్రతి కదలికా ఆలోచించి చేసినట్టు కనిపిస్తుంది. అదాటున జేబు వైపు పోయిన చెయ్యి, పథకం ప్రకారం పోయినట్టుంటుంది. గ్లెన్ కుదరదన్నాడు. కొంతకాలానికి మరో కేసులో, చనిపోయినవాడి తరఫు లాయరు కూడా అదే అడిగాడు. ఈసారి పోలీసు చెయ్యి గురించి. గ్లెన్ ఆయనకీ అదే జవాబు చెప్పాడు: "జరిగింది ఒకే వేగంలో. నా దగ్గరున్నదీ ఆ వేగమే." ఇద్దరు లాయర్లూ మళ్ళీ మా దగ్గరికి రాలేదు.

డెనీస్ నేర్పింది వేరు. పోలీసు శాఖల నుంచి వచ్చే రాతప్రతుల్లో పోలీసుల మాటలు పూర్తి వాక్యాలుగా ఉంటాయి. అవతలి మనిషి మాట్లాడినచోట "అస్పష్టం" అని ఉంటుంది. డెనీస్ ఆ పదం కింద పెన్సిల్‌తో గీత గీసి, పైన రాసేది: "ఎవరికి?" తర్వాత రికార్డింగు విని, ఆ మనిషి అన్న మాటలన్నీ ఉన్నవున్నట్టు రాసేది. చాలాసార్లు అవి ఆమెకు ఏ కష్టమూ లేకుండా వినిపించేవి.

గ్లెన్ మంచి యజమానే. ఒక్క విషయంలో ఆయనతో నాకు ఇప్పటికీ పేచీ ఉంది. ఆ రికార్డింగులు విన్నాక డెనీస్ ఎలా ఉందో ఆయన ఒక్కసారీ అడగలేదు. ఆమె కొడుకు వయసు పిల్లవాడి కేసొకటి వచ్చినప్పుడు, ఆమె హెడ్‌ఫోన్స్ తీసేసి పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళి నిలబడింది. గ్లెన్ రెండు కప్పుల కాఫీ పట్టుకెళ్ళి, పక్కన నిలబడి, వాతావరణం గురించి మాట్లాడి వచ్చాడు. పక్షపాతం లేకపోవడమంటే ఎవరినీ ఏమీ అడగకపోవడం అని ఆయన నమ్మకం. నాకైతే అది సగం నిజం.

చెప్పుకోలేని పని

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. ఈ పని ఎవరితోనూ పంచుకోలేం. కేసు నడుస్తున్నంతకాలం నోరు విప్పకూడదు. కేసు అయిపోయాక వినేవాళ్ళుండరు.

శనివారాలు మన కుటుంబాలు ఏదో ఒక ఇంట్లో కలిసేవి. తలా ఒక వంట తెచ్చుకునేవాళ్ళు. మాటలన్నీ క్లయింట్లు, గ్రీన్ కార్డు తేదీలు, ఇళ్ళ ధరలు.

"నీదేం జాబ్ బ్రో?"

"ఆడియో."

"మ్యూజిక్ డైరెక్టరా! మా పాప బర్త్‌డేకి డీజే కావాలి, ఖాళీగా ఉంటావా?"

అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. కాసేపటికి టీవీలో ఏదో వార్త వచ్చేది. "పోలీసులు ఊరికే కాలుస్తారేంటండీ, వాడేదో చేసుంటాడు" అనేవారెవరో. ఆ పొద్దున నేను విన్నది నా చెవుల్లో ఉండేది. పెరుగన్నం కలుపుకుంటూ కూర్చునేవాణ్ణి. గది నిండా జనం మధ్య ఉన్నంత ఒంటరితనం నాకు ల్యాబులోని చప్పుడు చొరని గదిలో కూడా కలగలేదు.

మనసారా వెళ్ళే ఇల్లు ఒక్కటుండేది, ప్రసాదన్నది. కరీంనగర్ ఆయనది. నేను చదువుకోడానికి దిగిన రోజు, ఎవరో ముక్కూమొహం తెలియని విద్యార్థి వస్తున్నాడని స్టూడెంట్ అసోసియేషన్ వాళ్ళు చెబితే, కారు వేసుకుని ఎయిర్‌పోర్ట్‌కి వచ్చాడు. గదీ, పరుపూ దొరికేదాకా తన ఇంట్లో ఉంచుకున్నాడు. ఆయన భార్య వసుధ వదిన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసేది. "ఏం తిన్నవ్ కిరణ్? నిజం చెప్పు, మళ్ళ పాలల్ల సీరియలేనా?" అని ఫోన్ చేసేది. నాకోసం కారం తగ్గించి వండానని చెబుతూనే తగ్గించకుండా వండేది.

ఆ శనివారం

ప్రసాదన్న వాళ్ళ అపార్ట్‌మెంట్లలో సగం మంది మనవాళ్ళే. ఆ ఏడాది ఆ చుట్టుపక్కల భారతీయుల ఇళ్ళలో బంగారం దొంగతనాలు జరిగాయి. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకు తెలిసిపోయింది. పోలీసులు వచ్చి మీటింగు పెట్టి, అనుమానం వస్తే వెంటనే ఫోన్ చేయండని చెప్పి వెళ్ళారు. ఆ తర్వాత అపార్ట్‌మెంట్ మెయిల్ గ్రూపులో రోజూ హెచ్చరికలు. "బ్లాక్ గై నియర్ పూల్, బీ కేర్‌ఫుల్." ఆ బ్లాక్ గై ఒకసారి ఈతకొలను శుభ్రం చేసేవాడు, ఒకసారి పిజ్జా తెచ్చినవాడు. ఆ మెయిళ్ళు నాకూ వచ్చేవి. భయం నిజమైనదే. ఎవరిని చూసి భయపడాలో మాత్రం మనకు మనమే నిర్ణయించుకున్నాం.

లియోన్ అనే పాతికేళ్ళ నల్లజాతి యువకుడు ఒక శనివారం పట్టపగలు చిన్న ట్రక్కులో అక్కడికి వచ్చాడు. శిరీష అనే మనమ్మాయి, వేరే ఊరికి మారుతూ, మంచం అమ్ముతానని ప్రకటన ఇచ్చింది. అది తీసుకెళ్ళడానికి వచ్చాడు. శిరీష వాళ్ళు వీడ్కోలు భోజనానికి వెళ్ళి ఆలస్యం చేశారు. మంచం విప్పే డ్రిల్లు చేత్తో పట్టుకుని, తలుపు కొట్టి, అటూ ఇటూ తిరిగి, అతను పార్కింగ్ లాట్‌లోనే వేచి ఉన్నాడు. ఎదురు బిల్డింగు నుంచి ఎవరో 911కి ఫోన్ చేశారు. పోలీసులు వచ్చారు. అరిచారు, కాల్చారు. అతను అక్కడే చనిపోయాడు.

పోలీసు మీద నేరం మోపడానికి ఆధారం లేదని జిల్లా ప్రాసిక్యూటరు తేల్చాడు. లియోన్ తల్లి మిసెస్ గ్రేడీ, ఆ పోలీసును పనిలో పెట్టుకున్న పట్టణం మీద దావా వేసింది. ఆవిడ స్కూలు బస్సు డ్రైవరు. ఆవిడ లాయరే మా దగ్గరికి రికార్డింగులు తెచ్చాడు. "డబ్బు సంగతి ఆవిడ నన్ను ఇప్పటిదాకా అడగలేదు" అన్నాడాయన. "ఒకటే అడుగుతోంది. పోలీసులు వచ్చేముందు నా కొడుకు ఏం చేస్తున్నాడు అని. అది చెప్పేవాళ్ళు నాకెవరూ దొరకలేదు."

ఆ పార్కింగ్ లాట్ నాకు తెలిసినదే, ఫోన్ చేసిందెవరో మాత్రం తెలీదు. ఈసారి చోటు చూసి రాకుండానే, రికార్డింగులు ఒకచోట పెట్టుకుని నేను పనిలోకి దిగాను. మొదటిది 911 కాల్. బటన్ నొక్కగానే గొంతు గుర్తుపట్టాను.

"వన్ బ్లాక్ గై ఈజ్ రోమింగ్ హియర్. సంథింగ్ ఇన్ హిజ్ హ్యాండ్. మేబీ గన్."

ప్రసాదన్న. వెనక నుంచి, కాస్త దూరంగా, మరో గొంతు. పోలీసుల రాతప్రతిలో అక్కడ "విదేశీ భాష" అని ఉంది.

"గన్ కాదు ఏం కాదు, డ్రిల్లింగ్ మిషన్ అది. శిరీషోళ్ళ మంచం తీస్కపోనీకి వచ్చిండు. ఫోన్ పెట్టెయ్."

"నువ్వు సప్పుడు జేయకు. మనకెందుకు రిస్కు."

ఆ తర్వాత 911లో ఫోన్ ఎత్తిన అమ్మాయి అడిగింది: గన్ అని మీకు ఖచ్చితంగా తెలుసా? "ఐ థింక్ సో" అన్నాడు ప్రసాదన్న. రేడియోలో పోలీసులకు అందింది ఇంకా చిన్నది: నల్లజాతి పురుషుడు, తుపాకి ఉంది. దారిలో మేబీ రాలిపోయింది.

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాను. మా వృత్తిలో ఒక నియమం ఉంది. తెలిసిన గొంతు వినబడితే, ఆ క్షణం నుంచి నువ్వు పరీక్షకుడివి కావు. గ్లెన్ గదికి వెళ్ళి చెప్పాను.

"ఎంత తెలుసు వాళ్ళు నీకు?"

"ఈ దేశంలో నాకున్న ఇల్లు అదే."

ఆయన లేచి గది తలుపు మూశాడు. "అయితే నువ్వు కేసులో లేవు. నేనే చేస్తాను. ఆ మాటలకు అర్థమేంటో నాకు చెప్పకు. ఏ భాషో చెప్పు, చాలు."

"తెలుగు."

"స్పెల్లింగ్ చెప్పు."

రిపోర్టులో ఆయన రాసింది ఇంతే: రెండో గొంతు, స్త్రీది, భాష తెలుగు, మాటలు స్పష్టంగా ఉన్నాయి, సంబంధం లేని అనువాదకుని చేత అనువదింపజేయాలి.

లాయరుకు అది నచ్చలేదు. "ఇప్పుడు పట్టణం వాళ్ళు నింద అంతా ఆ ఫోన్ చేసినవాడి మీదికి నెడతారు" అన్నాడు. చట్టం ప్రకారం చూసినా ఆ మాటలవల్ల ఒరిగేదేమీ లేదు. పోలీసుకు ఏం తెలుసు అన్నదే ప్రశ్న, వంటింట్లో ఎవరు ఏమన్నారన్నది కాదు. "ఉపయోగపడనిదైతే తీసెయ్యొచ్చుగా?" అన్నాడు లాయరు.

"నాకు వినబడింది. రాస్తాను" అన్నాడు గ్లెన్.

ప్రసాదన్న వచ్చాడు

వాంగ్మూలానికి రమ్మనే కాగితాలు ప్రసాదన్న వాళ్ళింటికి చేరాక, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మా ఇంటికొచ్చాడు. చేతిలో స్టీలు బాక్సు.

"మీ వదిన పంపలే. నేనే తెచ్చిన" అని సోఫాలో కూర్చున్నాడు. చాలాసేపు గోడలు చూశాడు. "ఇంత పెద్దగున్నదేంది ఈ రూము, సామానే లేదు. తమ్మీ, ఆ గొంతు తెలుగు అని రాసిన్రంట. మీ ఆఫీసుల తెలుగోడు నువ్వు గాక ఇంకెవడున్నడు?"

"చెప్పింది నేనే అన్నా. చెప్పి, కేసులోంచి తప్పుకున్నాను."

"మమ్ముల ఇరికిచ్చి నువ్వు తప్పుకున్నవ్. మంచిగుంది."

బాక్సు అందుకుని బల్ల మీద పెట్టాను.

"క్లియర్ లేదని రాయొచ్చు గద? మస్తు నాయిస్ ఉంటది ఫోన్ల. మీ సార్‌కి ఒక్క మాట చెప్పు. మా గ్రీన్ కార్డు లాస్ట్ స్టేజ్ల ఉన్నది, నీకెరికే గద. కోర్టు, పోలీస్ అంటే ఏమైతదో."

"క్లియర్‌గానే ఉందన్నా."

"నేను గన్ అని చెప్పలే. మేబీ అన్న. మేబీ! ఇంగ్లీష్ రానోన్ని గాదు నేను."

"మేబీ కూడా ఉందన్నా. రేడియోలో చెప్పేటప్పుడు వాళ్ళు వదిలేశారు. అదీ రిపోర్టులో రాశారు."

"మరి నాదేం తప్పు?"

ఆ ప్రశ్న ఆయన నన్ను అడగలేదనుకుంటాను. ఎందుకంటే జవాబు కోసం ఆగలేదు. లేచి తలుపు దాకా వెళ్ళి, బూట్లు తొడుక్కుంటూ అడిగాడు: "ఎయిర్‌పోర్ట్‌కి ఎవరొచ్చిన్రు తమ్మీ నీ కోసం?"

"నువ్వేనన్నా."

"యాదికున్నది గద. చాలు."

బాక్సులో పులిహోర ఉంది. ప్రసాదన్నకు వంట రాదు. ఎక్కడో కొని, ఇంటి బాక్సులో పెట్టి తెచ్చాడు.

తర్వాత శనివారాల పిలుపులు ఆగిపోయాయి. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అనుంటే జవాబు చెప్పేవాణ్ణి. ఇండియన్ స్టోర్‌లో నన్ను చూసి ఒకాయన పప్పుల వరుసలోకి తిరిగిపోయాడు. మెయిల్ గ్రూపులోంచి నా పేరు తీసేశారు. పాప బర్త్‌డేకి డీజే కావాలన్నతను మాత్రం ఒకసారి పార్కింగ్‌లో ఆపి, గొంతు తగ్గించి, "నువ్వు చేసింది కరెక్టే బ్రో. కానీ నేనన్నానని చెప్పకు" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఆ వారమంతటిలో తెలుగులో నాతో మాట్లాడింది అతనొక్కడే.

కొత్తగా వచ్చేవాళ్ళకు నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. ఈ దేశంలో మనం నల్లవాళ్ళ గురించి మాట్లాడుకునే తీరు మనకు ఎవరో తెల్లవాళ్ళు నేర్పిందని సర్దిచెప్పుకోవద్దు. సగం మనం తెచ్చుకున్నదే. మన చేతిలో తుపాకి ఉండదు. ఫోన్ ఉంటుంది.

మిసెస్ గ్రేడీ

రికార్డింగులు మొదటిసారి అందరి ముందూ వినాల్సి రావడం ఏ తల్లికీ మంచిది కాదని, లాయరు ఆవిడను ముందుగా మా ల్యాబుకు తీసుకొచ్చాడు. నేను బయటి గదిలో వేరే పని చేసుకుంటున్నాను. లోపల గ్లెన్ వినిపించాడు. చాలాసేపటికి ఆవిడ ఒక్కతే బయటికొచ్చింది. బస్సు డ్రైవర్ల నీలం జాకెట్ వేసుకుని ఉంది. మంచినీళ్ళు ఇచ్చాను. తాగలేదు, గ్లాసు పట్టుకుని నిలబడింది.

"ఆ వెనకున్న ఆవిడది నీ భాషేనా?"

"అవును మేడమ్."

"ఏమంటోంది?"

"నేను చెప్పకూడదు మేడమ్. వేరే రాష్ట్రం నుంచి అనువాదకుడు వస్తారు. ప్రమాణం చేసి చెబుతారు."

"చెడ్డ మాటా?"

గ్లెన్ గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నావైపే చూస్తున్నాడు. నియమం నాకు తెలుసు. దానికి కారణాలు కూడా వరసగా చెప్పగలను.

"కాదు మేడమ్" అన్నాను.

ఆవిడ తలూపింది. తర్వాత గ్లెన్ వైపు తిరిగి అడిగింది: "మీ వీడియో మొదలయ్యేసరికే వాడి చేతులు పైకి లేస్తున్నాయి. దానికి ముందుది ఎక్కడుంది?"

"లేదు మేడమ్. పోలీసు కారు దీపాలు వెలిగితేనే ఆ కెమెరా రికార్డు చేస్తుంది. అంతకు ముందుది ఎవరి దగ్గరా లేదు."

"అంటే పోలీసులు చూసినప్పట్నుంచే ఉన్నాడన్నమాట నా కొడుకు" అందావిడ. గ్లాసు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

గ్లెన్ నా దగ్గరికొచ్చాడు. "కాదు అన్నావు. అదీ ఒక అనువాదమే."

"అవును."

"రాయాల్సొస్తుంది."

"రాయండి."

రాశాడు. దాచి ఉంటే నేను ఆయన్ని ఇంత గౌరవించేవాణ్ణి కాదు. ఆ ఒక్క ముక్క గురించి పట్టణం తరఫు లాయరు నన్ను కూడా వాంగ్మూలానికి పిలిచాడు.

వరండా

వాంగ్మూలాలు కోర్టులో కాదు, రాలీ నగరంలో ఒక లాయరు ఆఫీసులో జరిగాయి. ముందు వసుధ వదినని పిలిచారు. తర్వాత నా వంతు. బయట, అద్దాలు మూసిన వరండాలో రెండు బెంచీలు. ఒకదాని మీద ప్రసాదన్న, ఎదురుదాని మీద నేను. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఒకసారి నావైపు చూసి, "ఏసీ మస్తు పెట్టిన్రు" అన్నాడు. "అవునన్నా" అన్నాను. అంతకుమించి మాటలు లేవు.

మిసెస్ గ్రేడీ దావా వేసిన మనిషి కనుక ఆవిడకు లోపలే కూర్చునే హక్కుంది. లోపలే ఉంది.

తలుపు తెరుచుకుని వదిన వచ్చింది. ఆఫీసుకు వేసుకునే నల్ల కోటు వేసుకుంది. ప్రసాదన్న లేచాడు.

"ఏమన్నరు?"

"నా గొంతేనా అని అడిగిన్రు. నాదే అన్న."

"తర్వాత?"

"ఏమన్నవో చెప్పమన్నరు. అన్నదే చెప్పిన."

"యాదికి లేదని చెప్పమన్న గద వసుధా."

"యాదికున్నది" అంది వదిన.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "కార్ల ఉంట" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వదిన ఆయన లేచిన బెంచీ మీద కూర్చుంది. నావైపు చూడలేదు.

మిసెస్ గ్రేడీ బయటికి వచ్చింది. వెనకే ఆవిడ లాయరు, "ఆమెతో మీరు మాట్లాడకపోవడమే మంచిది" అంటూ వచ్చాడు. ఆవిడ ఆయన్ని పట్టించుకోలేదు. వదిన పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలింది.

"నువ్వు ఆ ఫోను లాక్కోవాల్సింది" అంది.

"అవును" అంది వదిన ఇంగ్లీషులో. క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే ఆవిడ లేచి వెళ్ళిపోయేదని నాకనిపించింది.

"ఫోన్ పెట్టేశాక ఏం చేశావు?"

"బాల్కనీలోకి వెళ్ళాను. కిందికి దిగి అతనికి చెబుదామనుకున్నాను, వెళ్ళిపొమ్మని. చెప్పులు కూడా వేసుకున్నాను." వదిన ఆగింది. "దిగలేదు. అక్కడే నిలబడి చూశాను."

"అంతసేపూ చూశావా వాణ్ణి?"

"చూశాను."

"ఏం చేస్తున్నాడు?"



"ట్రక్కు వెనక పలక దించి దాని మీద కూర్చున్నాడు. డ్రిల్లు పక్కన పెట్టాడు. కాళ్ళు ఊపుతున్నాడు. నారింజ పండు ఒలుచుకుని తిన్నాడు."

"తొక్కలు ఏం చేశాడు?" మిసెస్ గ్రేడీ ముందుకు వంగి అడిగింది.

"కింద వెయ్యలేదు. జేబులో పెట్టుకున్నాడు. ఈ వైపు." వదిన తన కోటు కుడివైపు చెయ్యి పెట్టి చూపించింది.

మిసెస్ గ్రేడీ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. "వాడి జాకెట్ నాకు తిరిగిచ్చారు" అంది. "ఆ జేబులో ఎండిపోయిన ముక్కలేవో ఉన్నాయి. అవేంటని అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు."

లోపలి నుంచి ఒకమ్మాయి వచ్చి నా పేరు పిలిచింది. నేను లేచి నిలబడ్డాను.

మిసెస్ గ్రేడీ బెంచీ మీద వదిన వైపు జరిగింది. "మొదట్నుంచి చెప్పు" అంది. "వాడు ట్రక్కు ఆపినప్పట్నుంచి."

వదిన మొదలుపెట్టింది. తలుపు మూసుకునేదాకా నాకు వినిపిస్తూనే ఉంది. తెల్ల ట్రక్కు. అద్దం దించి ఉంది. లోపల ఏదో పాట వస్తోంది, గట్టిగా కాదు. దిగేముందు పాట అయిపోయేదాకా ఆగాడు.